సర్కారు బడిలో మతబోధ ఉండాలా?



బడులు తెరిచే రోజులలో ప్రతి ఏటా మన సంఘాలలో ఒక మాట వినిపిస్తుంది. "పిల్లలకు లెక్కలు, సైన్సు చెబుతున్నారు గాని దైవభయం ఎవరూ చెప్పడం లేదు. సర్కారు బడిలో కూడా రోజుకొక గంట మతబోధ పెడితే బాగుండును" అని. కొందరు పెద్దలు, మన బిడ్డలు ఎక్కువగా చదివే బడులలోనైనా బైబిలు చెప్పించమని అర్జీ పెట్టుకుందాం అంటారు. వారి ఉద్దేశం మంచిదే. బిడ్డలు పాడైపోతున్నారనే దిగులులోనుండి వచ్చిన మాట అది. అయినా మా జవాబు మాత్రం వద్దనే. సర్కారు బడిలో ఎవరి మతబోధా వద్దు, మనదైనా వద్దు. ఎందుకు వద్దంటున్నామో కొంచెం వివరంగా వ్రాస్తాము. ఓపికగా చదవండి.

మొదట చట్టం సంగతి. మన రాజ్యాంగంలో 28వ అధికరణం ఈ విషయం గురించే ఉంది. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఏ విద్యాసంస్థలోనూ మతబోధ చేయరాదు. అంటే మన ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల, జిల్లా పరిషత్ హైస్కూలు, ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఇవన్నీ. మతబోధ కొరకే ఎవరైనా ధర్మనిధి ఏర్పరచి స్థాపించగా సర్కారు కేవలం నిర్వహణ చూసే సంస్థలకు మినహాయింపు ఇచ్చారు గాని అది మన పల్లెలకు తగిలే సంగతి కాదు. మనకు బాగా కావలసినది ఆ అధికరణంలోని మూడవ భాగం. ప్రభుత్వ గుర్తింపు గాని, ఎయిడు గాని పొందిన బడిలో మతబోధ, ఆరాధన జరగవచ్చు. కాని విద్యార్థి సమ్మతి లేకుండా, మైనరైతే తలిదండ్రుల సమ్మతి లేకుండా, అందులో పాల్గొనాలని నిర్బంధించకూడదు. పక్క ఊరి కాన్వెంటు మొదలుకొని మన మిషను హైస్కూలు వరకు అన్నీ దీని క్రిందికే వస్తాయి.

1948 డిసెంబరులో ఈ నిబంధన రాజ్యాంగ సభలో చర్చకు వచ్చినప్పుడు డాక్టర్ అంబేడ్కర్ స్థానిక బోర్డుల సంగతి ఎత్తారు. ఒక బోర్డు పరిధిలో రకరకాల మతాలవారు కాపురముంటారు. అందరి పిల్లలకూ ఎవరి మతం వారికి చెప్పించడం ఆ బోర్డు వల్ల అయ్యే పని కాదు. ఒకరి మతమే చెప్పిస్తే మిగిలినవారికి అన్యాయం. పన్ను మాత్రం అందరూ కడుతున్నారు గదా!

మన పల్లెనే తీసుకోండి. హైస్కూలులో నాలుగైదు ఊళ్ల పిల్లలు చదువుతారు. మతబోధ గంట పెట్టండని మనమే అడిగి సాధించామనుకోండి, ఆ గంటలో ఎవరి మతం చెబుతారు? ఊరిలో ఎక్కువమంది ఎవరో వారిది. సరే, మన పాలెంలోని బడి గనుక బైబిలే చెబుతారనుకుందాం. లూథరన్లున్నారు, బాప్టిస్టులున్నారు, సి.ఎస్.ఐ. వారున్నారు, పెంతెకొస్తు వారున్నారు, బ్రదరన్ వారున్నారు. బాప్తిస్మము చిలకరింపా, ముంచుటా అని ఒక పిల్లవాడు లేచి అడిగితే ఆ గంట తీసుకుంటున్న లెక్కల మాస్టారు పాపం ఏమి చెప్పాలి?

ఇది హాస్యానికి వ్రాసిన మాట కాదు. ఈ ప్రశ్న మీద ప్రాణాలే పోయాయి. అమెరికాలోని ఫిలడెల్ఫియా పట్టణంలో ఒకప్పుడు ప్రభుత్వ బడులలో ప్రతి ఉదయం బైబిలు చదివేవారు. అది ప్రొటెస్టంటులు వాడే తర్జుమా. కేథలిక్ తలిదండ్రులు తమ బిడ్డలను తమ బైబిలు చదువుకోనివ్వమన్నారు. మాటా మాటా పెరిగి, ఐర్లండు నుండి వలస వచ్చినవారిపై అప్పటికే ఉన్న ద్వేషం తోడై, 1844లో మే నెలలోను మరల జూలైలోను అల్లర్లు చెలరేగాయి. కేథలిక్ దేవాలయాలను కాల్చివేశారు. పలువురు చనిపోయారు. రెండు వైపుల వారూ క్రీస్తు నామము ధరించినవారే. బడిలో ఏ బైబిలు అన్న దగ్గర మొదలైన తగవు అది.

అదే అమెరికాలో అంతకు డెబ్బై ఎనభై ఏండ్లకు ముందు మరొక సంగతి జరిగింది. వర్జీనియాలో అప్పుడు ఒకే సంఘం ప్రభుత్వ సంఘం. అందరూ దానికి పన్ను కట్టాలి. లైసెన్సు లేకుండా ప్రసంగించినందుకు బాప్టిస్టు బోధకులను జైలులో పెట్టారు. ఆ దెబ్బలు తిన్న బాప్టిస్టులు, తమకు బలం వచ్చినప్పుడు తమ సంఘాన్ని ప్రభుత్వ సంఘం చేయమని అడగలేదు. ఏ సంఘానికీ ప్రభుత్వం అండ వద్దని పోరాడారు. 1786లో వర్జీనియా మతస్వేచ్ఛా చట్టం రావడానికి వారి అర్జీలు ఎంతో సాయపడ్డాయి. అమెరికా బాప్టిస్టులే తరువాత 1836లో మన తెలుగు దేశానికి శామ్యూల్ డేను పంపారు. నెల్లూరు, ఒంగోలు, రామాయపట్నం ప్రాంతాల సంఘాలకు ఆ వేరు ఎక్కడిదో తెలిసి ఉండడం మంచిది.

ఇక మన సొంత నేల మీద జరిగిన సంగతి. ఈ తరం వారిలో చాలామందికి ఇది తెలియదు. 1846లో మద్రాసు గవర్నరు మార్క్విస్ ఆఫ్ ట్వీడేల్, సర్కారు బడులలో బైబిలును ఒక పాఠ్యాంశంగా పెట్టాలని సిఫారసు చేశాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధాని క్రిందివే. ఆ సిఫారసును ఎదిరించినవారిలో ముందు నిలిచినవాడు మద్రాసులో వ్యాపారం చేసుకునే తెలుగువాడు, గాజుల లక్ష్మీనరసు శెట్టి. ఆయన 1844లోనే 'క్రెసెంట్' అని ఒక ఇంగ్లీషు పత్రిక పెట్టి నడుపుతున్నాడు. మిషనరీల పని అంటే ఆయనకు బొత్తిగా గిట్టదు. పట్టణంలోని హిందువులను కూడగట్టి గట్టిగా నిరసన తెలిపాడు. లండనులోని కంపెనీ డైరెక్టర్లు గవర్నరు సిఫారసును ఒప్పుకోలేదు.

ఆనాటి మన క్రైస్తవ పెద్దలలో కొందరికి అది ఓటమిగా తోచి ఉంటుంది. కాని ఆయన అడిగినదేమిటో ఒకసారి ఆలోచించండి. మేము కట్టే పన్నుతో నడిచే బడిలో మాది కాని మతం మా బిడ్డలకు నేర్పవద్దు అన్నాడు. ఇవాళ మన పాలెంలోని తండ్రి హెడ్మాస్టరుగారి గుమ్మం ముందు నిలబడి చెప్పాలనుకునే మాట కూడా అక్షరాలా ఇదే. లక్ష్మీనరసు శెట్టి నోట చేదుగా ఉన్న మాట మన నోట తీపి కాజాలదు. ఆయనకు న్యాయమైతే మనకూ న్యాయమే.

తరువాత 1854లో సర్ చార్లెస్ వుడ్ పేరు మీద వచ్చిన విద్యా ప్రణాళిక సర్కారు బడులలో మతబోధ ఉండదని స్పష్టం చేసింది. గ్రంథాలయంలో బైబిలు ఉంచవచ్చు, పిల్లవాడు తానుగా వచ్చి అడిగితే బడి వేళలు దాటాక ఉపాధ్యాయుడు చెప్పవచ్చు, అంతే. దానితోపాటే, ఏ మతం వారు నడిపే బడి అయినా చదువు బాగా చెబితే గ్రాంటు ఇస్తామన్నది. ఇన్స్పెక్టరు మత విషయంలో జోక్యం చేసుకోడు. ఆ గ్రాంటుల వలన మన మిషను బడులు ఎంత విస్తరించాయో చెప్పనక్కరలేదు. సర్కారు ఎవరి పక్షమూ వహించకపోవడం వలన ఎక్కువ మేలు పొందినవారిలో మనం ఉన్నాము.

"సర్కారు బడిలో బైబిలు చెబితే దేశమంతా మారిపోతుంది గదా" అనేవారికి ఇంగ్లండు సంగతి చెప్పాలి. మచిలీపట్నానికి సి.ఎం.ఎస్. మిషనరీలను, కడపకు లండను మిషను వారిని పంపిన దేశం అది. 1944లో అక్కడ ఒక విద్యా చట్టం చేశారు. ఇంగ్లండు, వేల్సులలో ప్రభుత్వ సొమ్ముతో నడిచే ప్రతి బడిలో దినము సామూహిక ఆరాధనతో మొదలవ్వాలి, మతబోధ తప్పక ఉండాలి. ఇష్టం లేని తలిదండ్రులు తమ బిడ్డను తప్పించుకోవచ్చు. 1988లో మరొక చట్టం, ఆ ఆరాధన ప్రధానంగా క్రైస్తవ పద్ధతిలో ఉండాలని కూడా అన్నది. రెండు మూడు తరాల పిల్లలు ఆ బడులలో పెరిగారు. 2021 జనాభా లెక్కలలో తాము క్రైస్తవులమని వ్రాయించుకున్నవారు అక్కడ నూటికి 46.2 మంది. సగానికి తగ్గడం అదే మొదటిసారి. దీనికి బడి ఒక్కటే కారణం అనము. కారణాలు చాలా ఉన్నాయి. కాని చట్టం పెట్టిన బైబిలు గంట విశ్వాసమును నిలబెట్టలేకపోయిందన్నది కండ్లకు కనిపిస్తున్న సంగతే. ఒంగోలు దగ్గర 1878 జూలై 3న ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారిలో ఎవరూ సర్కారు బడిలో బైబిలు గంటకు కూర్చున్నవారు కారు. చాలామంది అసలు బడి మొగమే చూడనివారు.

మరి నీతి సంగతి ఏమిటి అంటారు. నీతి వేరు, మతబోధ వేరు. కాపీ కొట్టకూడదని, పక్కవాని పెన్సిలు తీయకూడదని, కులం పేరుతో తోటి పిల్లవానిని దూరం పెట్టకూడదని ఏ ఉపాధ్యాయుడైనా చెప్పవచ్చు, చెప్పాలి. బడి ప్రార్థన వేళ పిల్లలందరూ చేయి చాచి చెప్పే ప్రతిజ్ఞ ఉంది గదా, దానిని 1962లో వ్రాసినది నల్లగొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు. దేశమంతటా తమ తమ భాషలలో పిల్లలు దానిని చెబుతున్నారు. ఏ మతం పిల్లవాడైనా మనస్సాక్షి నొప్పించుకోకుండా చెప్పగల మాటలవి.

మతాలను గురించి పాఠాలలో తెలుసుకోవడం కూడా వేరే సంగతి. 2002లో సుప్రీంకోర్టు ఈ తేడాను విడదీసి చెప్పింది. అన్ని మతాల గురించి పక్షపాతం లేకుండా తెలియజెప్పడం 28వ అధికరణం నిషేధించిన మతబోధ క్రిందికి రాదన్నది. మాకు ఇది సమంజసంగానే తోస్తున్నది, చెప్పే గురువు నిజంగా పక్షపాతం లేనివాడైతే. నాగార్జునకొండ పాఠం చదవాలంటే బుద్ధుడెవరో తెలియాలి. మన ఊరి పక్కన దర్గా ఎందుకున్నదో తెలియాలి. గుడ్ ఫ్రైడే సెలవు ఎందుకు ఇస్తున్నారో మిగిలిన పిల్లలకు తెలియాలి.

ఇక్కడ మన ఇండ్లలో కనిపించే ఒక పట్టుదలను గురించి చెప్పక తప్పదు. తెలుగు వాచకంలో పోతన పద్యం వచ్చిందని, దానిని కంఠతా పట్టవద్దని బిడ్డకు చెప్పే తలిదండ్రులున్నారు. ఇది సరి కాదని మా అభిప్రాయం. పద్యం అప్పజెప్పడం పూజ చేయడం కాదు. అది మన భాష. మోషే ఐగుప్తీయుల సకల విద్యలూ అభ్యసించినవాడు. దానియేలు కల్దీయుల భాషను, విద్యను నేర్చినవాడు. అదీ రాజుగారి ఖర్చు మీద, రాజుగారి బడిలో. పౌలు ఏథెన్సులో నిలబడి అక్కడి కవుల మాటలనే ఎత్తి చెప్పాడు. చందస్సు రాని బిడ్డకు భక్తి ఎక్కువగా వస్తుందని ఏ గ్రంథంలోనూ లేదు.

మరి పూజ? అది వేరు. సర్కారు బడులలో మతబోధ లేదని చట్టం అంటున్నా, వినాయక చవితికి బొమ్మ పెట్టడం, సరస్వతీ పూజకు చందా వేయడం చాలా చోట్ల జరుగుతూనే ఉన్నాయి. చేసేవారిలో చాలామందికి మన మీద ద్వేషం లేదు. ఊరి ఆచారం అనుకుంటారు, అంతే. ఇటువంటప్పుడు బిడ్డను ఒంటరిగా ముందుకు నెట్టకండి. పదేండ్ల పిల్లవాడు ఉపాధ్యాయునితో వాదించడం విశ్వాసము కాదు, వాని మీద మనం మోపే భారం. తండ్రి గాని తల్లి గాని ముందు రోజే వెళ్లి, "అయ్యా, మా వాడు పూజలో కూర్చోడు. బల్లలు సర్దమంటే సర్దుతాడు, నీళ్లు తెమ్మంటే తెస్తాడు, దయచేసి పూజకు మాత్రం పిలవకండి" అని మర్యాదగా చెప్పాలి. దానియేలు చేసినదీ అదే. కేకలు వేయలేదు. నపుంసకుల యధిపతిని వేడుకున్నాడు. కుదరకపోతే పది దినములు పరీక్షించి చూడమన్నాడు. అప్పటికీ మాట వినని బడి ఉంటే మండల విద్యాధికారికి వ్రాతపూర్వకంగా అర్జీ ఇవ్వవచ్చు.

మర్యాదగా నిలబడిన పిల్లలకు న్యాయస్థానం అండగా నిలిచిన సంగతి ఉంది. 1985లో కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలను, జాతీయ గీతం పాడనందుకు బడి నుండి తీసివేశారు. వారు లేచి గౌరవంగా నిలబడేవారు, పాడేవారు కారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ పిల్లలను తిరిగి చేర్చుకోవాలని తీర్పు చెప్పింది. ఆ తీర్పు వ్రాసినవారు తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. యెహోవా సాక్షుల బోధతో మనకు పొత్తు లేదు. జాతీయ గీతం మనం సంతోషంగా పాడతాము. కాని ఆ ముగ్గురి మనస్సాక్షికి దొరికిన ఆ నీడ మన బిడ్డలకు కూడా నీడే.

ఇంతవరకు చెప్పడం సులువే. కష్టమైన సంగతి మరొకటి ఉంది. మన పల్లెలలో చాలామంది తండ్రులు హెడ్మాస్టరు దగ్గరకు వెళ్లడానికి ఎందుకు జంకుతారో మనకందరికీ తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన వారికి షెడ్యూల్డు కులాల హోదా లేదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గాని మనలను చేర్చలేదు. మన రాష్ట్రాలలో అటువంటివారిని బి.సి. 'సి' గ్రూపులో లెక్కిస్తారు. అందుచేత బడి రిజిస్టరులో ఒక మతం, ఆదివారం ఒక మతంగా బ్రతుకుతున్న కుటుంబాలున్నాయి. పూజ వద్దని అడిగితే, "రిజిస్టరులో ఇలా ఉందే" అని ఎవరైనా అంటారేమో, స్కాలర్‌షిప్ పోతుందేమో అని భయం. ఆ కుటుంబాలను వ్రేలెత్తి చూపడానికి మేము ఈ మాట వ్రాయడం లేదు. ఆకలి, చదువు రెండూ ఒక పక్క పెట్టి వారిని తూచే అధికారం మాకు లేదు. ఒక్క విషయం మాత్రం తెలుసుకోండి. 28వ అధికరణం ఫలానా మతం వారి బిడ్డకు మాత్రమే అని అనలేదు. పూర్తిగా సర్కారువైన బడులలో మతబోధ ఎవరికీ ఉండరాదు. తక్కిన బడులలో, ఏ మతం వారైనా సరే, సమ్మతి లేకుండా పాల్గొనమనరాదు. రిజిస్టరులో ఏమి వ్రాసి ఉన్నా, బిడ్డను పూజలో కూర్చోబెట్టవద్దని అడిగే హక్కు ప్రతి తల్లికీ తండ్రికీ ఉంది.

ఆ హక్కును మనం అడిగేటప్పుడు, మన చేతిలో ఉన్న బడుల సంగతి కూడా చూసుకోవాలి. రాబర్ట్ నోబుల్ దొరగారు 1843లో మచిలీపట్నంలో బడి పెట్టి అగ్రవర్ణాల పిల్లలకు ఇంగ్లీషుతోపాటు బైబిలు చెప్పేవారు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందేసరికి తలిదండ్రులు పిల్లలను మాన్పించి తీసుకుపోయారు. మన చరిత్రలలో ఆ ఇద్దరి ధైర్యాన్ని గురించి వ్రాశారు, వ్రాయవలసినదే. గుమ్మం దగ్గర బెదిరిపోయి నిలబడిన మిగిలిన తలిదండ్రులను గురించి ఎవరూ వ్రాయలేదు. ఈనాడు మన ఎయిడెడ్ హైస్కూళ్లలో, కాన్వెంట్లలో చదివే పిల్లలలో ఇతర మతస్థులు చాలామంది. ఉదయం చాపెల్‌కు రావడం, బైబిలు పరీక్ష వ్రాయడం వారి ఇష్టమా, తప్పనిసరా? అడ్మిషన్ వేళ తలిదండ్రులను అడిగి సంతకం తీసుకుంటున్నామా? రాని పిల్లవానిని ఎండలో నిలబెట్టక, గ్రంథాలయంలో కూర్చోబెట్టే ఏర్పాటు ఉన్నదా? యాజమాన్యాలు ఈ ఏడాదే ఈ విషయం తేల్చుకోవాలని కోరుతున్నాము. చట్టం భయానికి కాదు. చాపెల్‌లో బలవంతాన కూర్చున్న పిల్లవాడు వినేది సువార్త కాదు, గంట ఎప్పుడు కొడతారా అని.

మరి మన బిడ్డలకు దేవుని వాక్యము ఎక్కడ చెప్పాలి? ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయం తీసి చూడండి. ఇంట కూర్చున్నప్పుడు, త్రోవ నడిచేటప్పుడు, పండుకొనేటప్పుడు, లేచేటప్పుడు అని చోట్లు చెప్పింది. తిమోతి విశ్వాసమునకు మూలం అతని అవ్వ లోయి, తల్లి యునీకే అని పౌలు వ్రాశాడు. తండ్రి గ్రీసు దేశస్థుడు. ఇంటిలో సగం మాత్రమే విశ్వాసులు. చాలామంది మన స్త్రీల పరిస్థితి కూడా ఇదే గనుక ఈ మాట వారికి ధైర్యం ఇవ్వాలి. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ ఆదివారపు బడి పెట్టినప్పుడు, వారమంతా పనికి పోయే పేద పిల్లలకు మిగిలిన ఒకే దినము ఆదివారం. వారు అక్కడ అక్షరాలు నేర్చుకున్నారు, వాక్యమూ నేర్చుకున్నారు.

ఇప్పుడు మన బిడ్డలకు ఆ ఆదివారం కూడా మిగలడం లేదు. ఎనిమిదో తరగతి వరకు సండేస్కూలుకు వచ్చిన పిల్లలు తొమ్మిదిలో ట్యూషన్ అని, పదిలో స్పెషల్ క్లాసులని మానేస్తున్నారు. తలిదండ్రులే మాన్పిస్తున్నారు. సర్కారు బడిలో మతబోధ లేదని బాధపడేవారు మన సొంత బడి ఖాళీ అవుతుంటే చూస్తూ ఊరుకోవడం విడ్డూరం. కొన్ని సంఘాలు పెద్ద తరగతుల వారికి శనివారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఒక గంట పెట్టుకున్నాయి. ఆదివారం ఉదయం ఆరింటికే పెట్టుకున్నవి కూడా ఉన్నాయి. పొలం పనుల రోజులలో ఏది కుదురుతుందో ఆ ఊరి పెద్దలకే తెలుస్తుంది. మీ సంఘంలో సండేస్కూలు ఏ వేళకు జరుగుతున్నదో, తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఎందరు వస్తున్నారో, బోధించేవారు ఎందరున్నారో ఒక కార్డు మీద మాకు వ్రాయండి. వచ్చిన ఉత్తరాలను బట్టి పెద్ద పిల్లల పాఠాల గురించి మరొక నెలలో వ్రాస్తాము.